నా బోణీ చెయ్యి

గుడివాడలో మా ఇంటి గుమ్మంలోకి ఎవరైనా కూరగాయల బుట్టతో వస్తే నేను చెప్పే మాట ఒక్కటే, "ఇవాళ వద్దమ్మా, నిన్ననే కొన్నాం" అని. పోయిన నెలలో ఒకావిడ కాకరకాయల బుట్ట తెచ్చి గుమ్మంలో దించినప్పుడు కూడా ఆ మాటే అనబోయాను. ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుని, "ఇయ్యి అమ్మటానిక్కాదండీ పిన్నిగారూ, మీకే తెచ్చాను. నేను సామ్రాజ్యం కూతుర్ని, రజనిని. మీ చేత్తో బోణీ చేయించుకుందామని వచ్చాను" అంది. నేను నా కుడిచెయ్యి వంక చూసుకున్నాను. ఆ ఉదయమే ఆ చేత్తో ఆవకాయ సీసా మూత తిప్పలేక, పక్కింటాయన్ని పిలిచి తీయించుకున్నాను. ఆయన ఒక్క తిప్పు తిప్పి, "ఇంతేనా అండీ" అని వెళ్ళిపోయాడు. అలాంటి చేతిని వెతుక్కుంటూ నాగాయలంక అవతల నుంచి మనిషి వచ్చిందంటే నాకు నవ్వు రావాలి. రాలేదు. సామ్రాజ్యం పేరు విని చాలాకాలమైంది.

కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాక రజని విషయం చెప్పింది. వాళ్ళమ్మ నిరుడు పోయిందట. వాళ్ళ ఊళ్ళో చిన్న చిన్న పొలం చెక్కల్లో కాకర, దొండ, వంగ వేసుకునే ఆడవాళ్ళు కొందరు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. చిన్న వ్యాను మాట్లాడుకున్నారు. సోమవారం నుంచి గుడివాడలో, మా వీధి చివర అపార్టుమెంట్ల దగ్గర, సొంతంగా అమ్మబోతున్నారు. "అందరూ ఒప్పుకోలేదండీ. నాలుగు రోజులు చూద్దాం, సరుకు వెనక్కొస్తే మళ్ళీ కమీషన్ కొట్టుకే వేసేద్దాం అంటున్నారు. అమ్మేమో పోయేముందు కూడా చెప్పింది, ఎప్పుడైనా సొంతంగా పెడితే కరుణమ్మ చేత బోణీ చేయించు అని." కరుణ అంటే నేనే. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నా పని రైతులకి పంట అమ్ముకోవటం ఎలాగో చెప్పటం. మార్కెటింగు ఆఫీసు తరఫున ఊరూరా తిరిగి మీటింగుల్లో ఉపన్యాసాలిచ్చాను. కాయని సైజు ప్రకారం వేరుచెయ్యండి, ప్లాస్టిక్ ట్రేల్లో సర్దండి, ధర ఫోన్లో కనుక్కోండి, నలుగురూ కలిసి ఒక బండి పెట్టుకోండి అని. వెనక వరసలో కూర్చున్నవాళ్ళు కునుకు తీసేవారు, ముందు వరసవాళ్ళు టీ ఎప్పుడొస్తుందా అని చూసేవారు. రజని వాళ్ళు ఇవన్నీ చేశారు. నేను చెప్పానని కాదు, వాళ్ళకి తోచి చేశారు. ఇక కావలసిందల్లా నేను ఏ ఉపన్యాసంలోనూ చెప్పనిది ఒకటే, నా చెయ్యి.

ఆ చేతికి ఒకప్పుడు బందరు కూరగాయల మార్కెట్టులో ఎంత పేరుండేదో చెబితే మా మనవరాలు నమ్మదు. నేనే ఒక్కోసారి నమ్మను. అప్పుడు నేను హైస్కూలు చివర్లో ఉన్నాను. మా అమ్మ మార్తమ్మ ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి. బైబిల్లో మార్త కూడా వంటింట్లోనే సతమతమయ్యింది, పేరు పెట్టినవాళ్ళు ముందే చూసి పెట్టారు అనేది అమ్మ. నాన్న జిల్లా కోర్టులో భుజాన డవాలు పట్టీ వేసుకునే బంట్రోతు. కోర్టులో కక్షిదారుల్ని మూడుసార్లు పిలిచి పిలిచి ఆయనకి అది అలవాటైపోయింది. ఇంట్లో కూడా నన్ను "కరుణా, కరుణా, కరుణా" అని మూడుసార్లు పిలిచేవాడు, మూడోసారికి రాకపోతే అన్నం లేనట్టే. అంతేకాదు, ఆయన మా చర్చిలో సంఘపెద్ద. తెల్లవారకముందే మమ్మల్ని లేపి చాప మీద మోకరింపజేసి ప్రార్థన మొదలుపెట్టేవాడు. జడ్జిగారి కుటుంబం దగ్గర్నించి రోగులూ, ప్రయాణాల్లో ఉన్నవాళ్ళూ, చదువు రాని పిల్లలూ (అక్కడ నా వంక ఓ కన్ను తెరిచేవాడు) అందరూ అందులో వచ్చేవారు. అమ్మ ఓపిక పట్టి పట్టి, "ఇంక ఆమెన్ అనండి, లేత వంకాయలు అయిపోతాయి" అనేది. నాన్న ఆమెన్ అనేవాడు. నేను గోతం పట్టుకుని మార్కెట్టుకి పరిగెత్తేదాన్ని.

హాస్టలు వంటింటి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఊక పొయ్యి పొగ, పెద్ద గుండిగలో పప్పుచారు, దాంట్లోకి వేసే వెల్లుల్లి తాలింపు. ఆ తాలింపు వేసినప్పుడు వరండాలో చదువుకుంటున్న పిల్లలంతా ఒక్కసారి దగ్గేవారు. అమ్మకి నచ్చిన కూరగాయ అంటూ ఈ లోకంలో లేదు. నేను తెచ్చిన గోతం నేలమీద గుమ్మరించి, పీటమీద కూర్చుని, ఒక్కో కాయనీ ముద్దాయిని చూసినట్టు చూసేది. బెండకాయ కొస విరిచేది. వంకాయని చేతిలో ఎగరేసి బరువు చూసేది. దొండకాయని గోటితో గీరి, లోపల ఎరుపు కనిపిస్తే, "ఇది కూరా, పండా?" అని నన్నడిగేది. బందరు ఊళ్ళో ఏ పెళ్ళికి వంట బాగా లేకపోయినా "మార్తమ్మగారు తింటే ఏమనేదో" అనేవారు. రోజూ సాయంత్రం ఆవిడ నాకు పాఠం చెప్పేది. రేపు బీరకాయలు సుబ్బయ్య తాత దగ్గర తీసుకో, ఆయన తెల్లారగట్ల కోసుకొస్తాడు. వంకాయలు ఫలానా చోట వద్దు, అవి రాత్రి కోసినవి. నేను ఊ కొట్టి, మర్నాడు చెప్పింది చెప్పినట్టు తెచ్చేదాన్ని. ఈ సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు కాబట్టే ఇంత కథ.

మార్కెట్టులో గోడ వారగా ఒక వరస ఉండేది. కొట్లున్న వ్యాపారులు కాదు, తమ పంట తామే తెచ్చుకునే చిన్న రైతులు. అవనిగడ్డ నుంచి వచ్చే మొదటి బస్సులో పైన బుట్టలు కట్టుకుని దిగేవారు. ఒకరోజు నేను సుబ్బయ్య తాత దగ్గర గోతం నిండా బీరకాయలు కొన్నాను. ఆయనకి అదే మొదటి బేరం. డబ్బులు కళ్ళకద్దుకున్నాడు. ఇంకో గంటలో ఆయన బుట్ట ఖాళీ. మర్నాడు దొండకాయల ఆవిడ, ఆ మర్నాడు గోంగూర ఆవిడ, అదే జరిగింది. ఆ వారం చివర సుబ్బయ్య తాత వరసంతా వినేట్టు, "మార్తమ్మ గారి పిల్లది చెయ్యి మంచిదిరా" అన్నాడు. అంతే. మర్నాటి నుంచి నేను మార్కెట్టు గేటు దగ్గర కనపడగానే వరసంతా మెడలు సాచి చూసేది. "ఇటు రా పాపా", "ముందు మా దగ్గర ఒక్క కట్టన్నా తీసుకో", "అమ్మాయ్, నిన్న నువ్వు రాలేదు, నిన్నంతా ఈగలు తోలుకున్నాను." లెక్కల్లో ఎప్పుడూ తప్పే పిల్లని ఇంతమంది పెద్దవాళ్ళు బతిమాలుతుంటే ఆ పిల్ల కాళ్ళు నేలమీద నిలుస్తాయా?

నిలవలేదు. నేను గోడ వెంట తహసీల్దారు తనిఖీకి వచ్చినట్టు నడిచేదాన్ని. ఎవరికి బోణీ చెయ్యాలో అమ్మ ముందు సాయంత్రమే చెప్పి పంపినా, అప్పుడే ఆలోచిస్తున్నట్టు ఆగేదాన్ని, చూపుడువేలు గడ్డం మీద పెట్టుకునేదాన్ని. ఇంటికొచ్చాక కుడిచెయ్యి సబ్బుతో రెండుసార్లు కడిగేదాన్ని. ఆ చేత్తో అంట్లు తోమనని చెప్పాను. అమ్మ, "అయితే ఎడమచేత్తో తోము" అంది. ఎడమచేత్తో తోమితే గిన్నె జారి కాలిమీద పడింది. తమ్ముడు నా కుడిచెయ్యి పట్టుకుంటే, "వదులు, అరిగిపోద్ది" అన్నానట. వాడు ఈ మాట నా పెళ్ళిలో కూడా అందరికీ చెప్పాడు.

నాన్నకి ఈ సంగతి కోర్టులో తెలిసింది. ఎవరో ప్లీడరు గుమాస్తా, "ఏవండీ, మీ అమ్మాయి చెయ్యి మంచిదటగా, ఓసారి మా బావమరిది కొట్టుకి పంపిస్తారా" అని అడిగాడట. సంఘపెద్ద కూతురు శకునం పిల్ల. ఆ సాయంత్రం నాన్న డవాలు కూడా విప్పకుండా పడక్కుర్చీలో కూర్చుని నన్ను మూడుసార్లు పిలిచాడు. శకునాలూ, బోణీలూ, చేతి మహిమలూ మన ఇంట్లో నమ్మం అన్నాడు. నేను తల వంచుకుని, మనసులో మాత్రం, నమ్మకపోతే ఉన్న మహిమ లేకుండా పోతుందా అనుకున్నాను. ఆదివారం పాస్టరుగారు సరిగ్గా శకునాల మీదే ప్రసంగం చేశారు, నా వైపు చూడకుండా నన్నే చూస్తూ. మర్నాడు పొద్దున్న నేను మార్కెట్టుకి వెళ్తుంటే పాస్టరమ్మగారు దడి పక్కనుంచి పిలిచి, చేతిలో మునక్కాడల కట్ట పట్టుకుని, "కరుణా, అమ్ముదామని కోయించాను. నమ్మకమని కాదమ్మా, నువ్వు ఎలాగూ అటే వెళ్తున్నావుగా, ముందు నువ్వు రెండు తీసుకుని వెళ్ళు" అన్నారు. నేను రెండు తీసుకున్నాను. అవి ఆ పూటే అమ్ముడుపోయాయి. ఎవరికని అడిగారు కాదు, మా అమ్మకే. ఆ రెండూ చూసి మిగతావి తెమ్మంది. నేను దాన్ని కూడా నా ఖాతాలోనే వేసుకున్నాను.

సామ్రాజ్యం ఆ ఎండాకాలం మొదట్లో వచ్చింది. సన్నగా, పొడుగ్గా, నలుపు మీద ఎరుపు గళ్ళ చీరలో, నెత్తిన కాకరకాయల బుట్టతో. వరసలో చోటు లేక గోడ మలుపు తిరిగాక చివరన కూర్చుంది. ఆ మలుపు దాకా వచ్చినవాళ్ళు సంచులు నిండిపోయి అక్కడినుంచే వెనక్కి తిరిగేవారు. ఆవిడ కౌలుకి తీసుకున్న చెక్కలో కాకర పందిరి వేసింది. భర్తకి ఇష్టం లేదు. "నలుగుర్లో కూచుని అరిచి అమ్ముకోటం మనకెందుకు, కమీషన్ కొట్లో దించేసి రా" అంటాడు. కమీషన్ కొట్లో దించితే వేలంపాటలో వాళ్ళు వేసిన ధరే ధర, అది కౌలుకే చాలదు. ఈ ఎండాకాలం అయ్యేలోగా సొంతంగా అమ్మటం కుదిరితే చెక్క ఉంచుకుంటారు, లేకపోతే వదిలేసి ఇద్దరూ కూలికి పోతారు. ఇవన్నీ ఆవిడ నాకు చెప్పి ఏడవలేదు. బుట్ట సర్దుకుంటూ, ఎండ గురించి మాట్లాడినట్టు చెప్పింది. చెప్పి, "అమ్మాయ్, నీ చెయ్యి మంచిదంటున్నారు. ఓసారి మా మూలకి కూడా రాకూడదా?" అంది.

నేను గడ్డం మీద వేలు పెట్టుకున్నాను. "ఒకసారేంటి, రోజూ నీకే చేస్తాను. చూస్తూ ఉండు, ఈ మూలకి జనం ఎలా వస్తారో" అన్నాను. వరం ఇచ్చేటప్పుడు దేవతలు కూడా అంత ధీమాగా మాట్లాడి ఉండరు. ఆవిడ నిజంగానే దణ్ణం పెట్టింది, నేను నిజంగానే తలూపాను. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

అప్పుడే సెలవులకి హాస్టలు మూసేశారు. గోతం గోడకి తగిలించి, అమ్మ నాకు చిన్న చేతిసంచి ఇచ్చింది. మా ఇంట్లో నలుగురికి ఎంత కావాలి? పావుకిలో కాకరకాయలు. నేను ఆ పావుకిలో కొని, డబ్బులు సామ్రాజ్యం చేతిలో పెట్టి, జనం తోసుకొచ్చే వైభవం చూద్దామని పక్కన గోడకానుకుని నిలబడ్డాను. ఈగలు వచ్చాయి. ఒక మేక వచ్చింది. ఒక పెద్దాయన మలుపు దాకా వచ్చాడని సంబరపడ్డాను, ఆయన ఉమ్మెయ్యటానికి వచ్చాడు. మధ్యాహ్నానికి సామ్రాజ్యం నిండు బుట్ట నెత్తిన పెట్టుకుని కమీషన్ కొట్టు వైపు నడిచింది. వెళ్తూ వెళ్తూ, "రేపొస్తావుగా?" అంది. "వస్తాను, ఇవాళ వారం మంచిది కాదు" అన్నాను. వారాలు నమ్మని ఇంట్లో పుట్టినదాన్ని.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. నా చేతికేమైందో అని నాకు దిగులు పట్టుకుంది. చేపలు కడిగానని పోయిందా, తమ్ముణ్ణి కొట్టానని పోయిందా అని ఆలోచించాను. చివరికి నాన్న దేవుడి దగ్గరే అడుగుదామని ఉపవాస ప్రార్థన మొదలుపెట్టాను. ప్రభువా, శకునాలు తప్పని తెలుసు, నా చేతికి మాత్రం పూర్వపు మహిమ దయచెయ్యి అని. పొద్దున్న చద్దన్నం మానేశాను. స్కూలు లేదు కాబట్టి చేసే పని కూడా లేదు, పదింటికల్లా ఆకలి తట్టుకోలేక అన్నంలో ఆవకాయ కలుపుకుని రెండు వాయలు తిన్నాను. ఆ వారంలోనే సుబ్బయ్య తాత నేను వచ్చేదాకా ఆగకుండా వేరే ఎవరిచేతో బోణీ చేయించుకున్నాడు. నన్ను చూసి, "ఏం లేదు పాపా, ఆవిడ తొందరపడింది" అన్నాడు. గోడ పొడుగునా ఎవరూ మెడలు సాచలేదు. సామ్రాజ్యం మాత్రం కాకరకాయల మీద నీళ్ళు చల్లుకుంటూ నా కోసం కూర్చుని ఉంది. ఆ రోజు నేను ఇంటికొచ్చి ఏడ్చాను. అది సామ్రాజ్యం చెక్క పోతుందన్న ఏడుపు ఎంతో, నా చెయ్యి పోయిందన్న ఏడుపు ఎంతో విడదీసి చెప్పలేను.

అమ్మ బియ్యం ఏరుతోంది. నేను ఎక్కిళ్ళ మధ్య కథంతా చెప్పాను, చివర్లో నా చేతికి ఏమైందమ్మా అని అడిగాను. అమ్మ చేటలో బియ్యం ఒలికిపోయేలా నవ్వింది. "నీ చెయ్యేంటే పిచ్చిమొహమా. హాస్టలు గోతం ఏ బుట్ట దగ్గర ఆగిందో చూసి జనం అక్కడ కొంటారు. మార్తమ్మ వంక పెట్టని కాయ అంటే ఇంకెవరు వంక పెడతారు?" అంది. అందులో కూడా కొంత గొప్ప ఉంది. మా ఇంట్లో గొప్పలు నా ఒక్కదానితో మొదలు కాలేదు. నేను ఏడుపు ఆపేశాను. ఏడవటానిక్కూడా నా దగ్గర ఏమీ మిగల్లేదు అనిపించింది.

మర్నాడు అమ్మ తలకి నూనె రాసుకుని, చర్చికి వెళ్ళే చీర కట్టుకుని, ఖాళీ గోతం భుజాన వేసుకుని మార్కెట్టుకి బయల్దేరింది. గోడ వరసంతా లేచి నిలబడినంత పని చేసింది. అమ్మ ఎవరి వైపూ చూడకుండా మలుపు తిరిగి, సామ్రాజ్యం ముందు గొంతుక్కూర్చుని, ఒక కాకరకాయ టక్కుమని విరిచింది. "ఇన్ని నీళ్ళు కొట్టావేంటమ్మా? నిన్నటివి కడిగి పెట్టావనుకుంటారు" అంది. "వాడిపోతయ్యని భయమండీ" అంది సామ్రాజ్యం. "వాడితే వాడనీ, దాచినట్టు కనపడకూడదు" అని, అమ్మ గొంతు పెంచింది. ఎదురుగా ఉన్న సామ్రాజ్యానికి కాదు, మలుపు అవతలి వాళ్ళకి వినపడేట్టు. "కాకరకాయంటే ఇట్లా ఉండాలి. ఈ మూల ఇంత మంచి సరుకు పెట్టుకుని, ఈ ఊరోళ్ళు ఆ మొదట్లోనే ఆగిపోతారేంటో." ముందు ఒకావిడ తల తొంగిచూసింది. తర్వాత ఇద్దరు. ఆ తర్వాత నన్ను పక్కకి నెట్టేశారు, బుట్ట కనపడలేదు. అమ్మ చివరికి కొన్నది పావుకిలోనే. ఖాళీ గోతం మళ్ళీ భుజానేసుకుని, "పద" అంది.

ఆ రోజుతో నాకు వరసలో ఇంకో పేరు వచ్చింది, గోతం పిల్ల. నేను మార్కెట్టుకి వెళ్ళనని మొండికేశాను, అమ్మ పంపకుండా మానలేదు. తలొంచుకుని, కుడిచెయ్యి సంచిలో పెట్టుకుని, గోడకి అవతలి పక్కగా వెళ్ళిపోదామనుకున్నాను. మలుపు దగ్గర సామ్రాజ్యం పిలిచింది. ఆమె ముందు అప్పటికే ఒకాయన సంచి తెరిచి నిలబడి ఉన్నాడు. "కాసేపాగండి బాబుగారూ, ఈ అమ్మాయి బోణీ చేశాక ఇస్తాను" అంటోంది. ఆయన విసుక్కుంటున్నాడు. నేను దగ్గరికెళ్ళి, "నా చేతిలో ఏం లేదని తెలిసిపోయిందిగా, ఆయనకిచ్చెయ్యి" అన్నాను.

"అది నాకు మొదట్నించీ తెలుసమ్మాయ్. గోతం చూసి వస్తారని పక్కోళ్ళు నాకు మొదటి రోజే చెప్పారు" అంది.

"మరి నన్నెందుకు రమ్మన్నావు?"

సామ్రాజ్యం కాకరకాయలు తూకంలో వేస్తూ తాపీగా చెప్పింది. "ఈ మూల కూచుంటే ఎవరొస్తారో రారో తెలీదు. రోజూ వస్తానని నువ్వు అన్నావు, వచ్చావు. కొన్నది పావుకిలో అయితే ఏంలే. ఒక్క మనిషన్నా కచ్చితంగా వస్తదని తెలిస్తే తెల్లారగట్ల బస్సెక్కబుద్దవుద్ది. లేపోతే మా ఆయన మాట విని ఆ మొదటి వారమే మానేసేదాన్ని."

ఆ మాట విని నేను పొంగిపోయానని రాస్తే బాగుంటుంది. పొంగిపోలేదు. నాకు ఇంకా ఉక్రోషంగానే ఉంది. మహిమ ఉందంటే సంతోషించేదాన్ని గాని, వస్తే చాలంటే అందులో నా గొప్పేముంది? అది ఎవరైనా చెయ్యగలిగిన పని. అయినా ఆ ఎండాకాలమంతా వెళ్ళాను. సామ్రాజ్యం నాకోసం ఆగేది, నేను పావుకిలో కొనేదాన్ని, తర్వాత మిగతావాళ్ళు వచ్చేవారు. మా ఇంట్లో ఆ వేసవంతా కాకరకాయ పులుసు, కాకరకాయ వేపుడు, కాకరకాయ కారం. తమ్ముడు ప్రార్థనలో దేవుణ్ణి కాకరకాయల నుంచి విడిపించమని అడిగాడు, నాన్న వాణ్ణి కసరలేదు, గట్టిగా ఆమెన్ అన్నాడు. వానలు పడ్డాక సామ్రాజ్యం చెక్క వదల్లేదని, దొండ కూడా వేసిందని చెప్పింది. ఆ తర్వాత నేను కాలేజీకి వెళ్ళిపోయాను, ఆ తర్వాత ఉద్యోగం, ఉపన్యాసాలు. అన్నేళ్ళు మైకు పట్టుకుని మాట్లాడాను గాని ఆ మూల మాట ఒక్కసారి కూడా నోట రాలేదు.

సోమవారం నేను ఉతికిన చీర కట్టుకుని, వీధి చివరికి వెళ్ళాను. అపార్టుమెంటు గోడ పక్కన వ్యాను ఆపారు. నీలం ట్రేల్లో కూరగాయలు సైజుల వారీగా సర్ది ఉన్నాయి. ధరల పలక, ఫోనుతో డబ్బులు కట్టే బొమ్మ, డబ్బు అందగానే గట్టిగా చెప్పే చిన్న పెట్టె, అన్నీ ఉన్నాయి. నా ఉపన్యాసం మొత్తం అక్కడ బల్లమీద పరిచినట్టుంది. రజని నాకు ప్లాస్టిక్ కుర్చీ వేసింది, పక్కన వాళ్ళ సంఘంలోని ఇద్దరాడవాళ్ళు నిలబడ్డారు. నేను కాకరకాయలు కొన్నాను. పెట్టె డబ్బు అందిందని వీధంతా వినపడేట్టు అరిచింది. రజని ఫోను కళ్ళకద్దుకుంది. నేను కుర్చీలో సర్దుకుని కూర్చుని జనం కోసం చూశాను. సిగ్గుతో చెబుతున్నాను, ఇంత వయసొచ్చాక కూడా ఒక్క క్షణం నా చెయ్యి వంక ఆశగా చూసుకున్నాను.

ఎవరూ రాలేదు. స్కూటర్లు వెళ్తున్నాయి, స్కూలు బస్సులు వెళ్తున్నాయి. ఒకమ్మాయి ఫోను చూసుకుంటూ ట్రేలకి తగలబోయి తప్పుకుంది. ఎండ గోడ మీద నుంచి ట్రేల మీదకి దిగుతోంది. పక్కన నిలబడినావిడ రజనితో మెల్లగా, "బందరు కొట్టాయనకి ఫోన్ చేద్దామా, ఇంకా పాట అయిపోయి ఉండదు" అంది.  రజని కాకరకాయల మీద కప్పిన గోనెపట్టా తీసింది, మళ్ళీ కప్పింది. అలా సర్దుకుంటుంటే అచ్చం వాళ్ళమ్మలాగే ఉంది.

నేను కుర్చీలోంచి లేచి ట్రే ముందు గొంతుక్కూర్చున్నాను. డాక్టరు నన్ను ఏ పని చెయ్యొద్దన్నాడో సరిగ్గా ఆ పని. ఒక కాయ తీసి విరిచాను. టక్కుమంది. ఇక అమ్మ గొంతుతో అరవాలి. నోరు తెరిస్తే నా మీటింగు గొంతు వచ్చింది. "ఈ కాకరకాయలు నాణ్యత ప్రమాణాల ప్రకారం..." అని మొదలుపెట్టాను. దారిన పోయే కుక్క కూడా ఆగలేదు. సరే, లేద్దామని చూశాను. మోకాళ్ళు లేవలేదు. ట్రే పట్టుకున్నాను, ట్రే నావైపు వంగింది. "రజనీ, నన్ను లేపమ్మా" అని కేకేశాను. ఆ కేకలో మాత్రం మా అమ్మ గొంతు పూర్తిగా ఉంది.

వీధంతా ఆగింది. స్కూటరు మీద పోయేవాడు దిగాడు. గేటులోంచి వాచ్‌మెన్ పరిగెత్తుకొచ్చాడు. రెండో అంతస్తులోంచి ఇద్దరాడవాళ్ళు చెంగులు దోపుకుని దిగొచ్చారు. "అయ్యో, పడిపోయారా మామ్మగారూ?" "పడలేదమ్మా, కూచున్నాను." "బీపీ చూసుకున్నారా?" నలుగురూ నాలుగు పక్కలా పట్టుకుని లేపుతున్నారు. నా కుడి రెక్క పట్టుకున్నావిడ మధ్యలో ఆగిపోయింది. "కాకరకాయలు భలే ఉన్నాయే. ఏ ఊరివమ్మా ఇవి?" అంది. "నాగాయలంక అవతలండీ, తెల్లారగట్ల కోసినయ్యి" అంది రజని. ఆవిడ నా రెక్క వదిలేసి ట్రేలో చెయ్యి పెట్టింది. ఎడమ పక్కావిడ వంకాయలు చూసి ఆవిడా వదిలేసింది. స్కూటరాయన వాళ్ళావిడకి ఫోన్ చేసి దొండకాయలు కావాలా అని అడుగుతున్నాడు. వాచ్‌మెన్ ఒక్కడే నన్ను పట్టుకుని మిగిలాడు. సగం లేచి సగం వంగి, అలాగే వేలాడుతూ, ఆ పెట్టె వరసగా డబ్బు అందిందని అరుస్తుంటే విన్నాను. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఫోన్ చేద్దామన్నావిడ ఫోను చెంగున దోపుకుని పచ్చిమిరపకాయలు తూస్తోంది.

ఎండ ముదిరే వేళకి ట్రేల అడుగులు కనపడ్డాయి. అన్నీ అయిపోలేదు. వంకాయలు కొన్ని మిగిలాయి. రేపు జనం వస్తారో రారో ఎవరికీ తెలీదు, ఇవాళ వచ్చింది నా మోకాళ్ళని చూసి. నేను కుర్చీలో కూర్చుని నీళ్ళు తాగుతున్నాను. రజని ట్రేలు ఒకదాంట్లో ఒకటి పెడుతూ, నా చెయ్యి సంగతి ఎత్తకుండా, "రేపు ఎన్నింటికి వస్తారు పిన్నిగారూ?" అంది.

"నేను రేపు కూడా రావాలా?"

"మీరొస్తానంటే చాలండీ, మా వాళ్ళని తెల్లారగట్ల కోతకి దించుతాను."

"ఏడింటికల్లా వస్తాను" అన్నాను. ఊరుకోలేక, "నేనొచ్చేదాకా ఎవరికీ ఇవ్వకు" అని కూడా అన్నాను. ఇంటికొచ్చి కాకరకాయలు పక్కన పెట్టి, రెండు మోకాళ్ళకీ తైలం బాగా పట్టించాను. చేతికి ఏమీ రాయలేదు. దానితో ఏనాడూ పనిపడలేదుగా.